ఇక అద్దాలు మూసుకోవచ్చు

మోగుతోంది. పన్నెండోసారి. ఎత్తడం లేదు. మోగుతోందంటే ఫోను బాగానే ఉంది, ఫోను బాగుంటే మనుషులూ బాగానే ఉంటారు, ఇదెక్కడి లెక్కో నాకే తెలియదు కానీ ఇందాకటి నుంచీ ఇదే లెక్క వేసుకుంటున్నాను. లెక్కల మాస్టారు బండి నడుపుతుంటే దేవుడు పిలిచినా పలకడట, నిన్న సాయంత్రం ఇక్కడే నిలబడి నవ్వుతూ చెప్పాడు. సరే, ఆయన పలకడు. పక్క సీట్లో భార్య ఉంటుంది కదా, ఆవిడైనా ఎత్తొచ్చు కదా. వెనక ఇద్దరు ఆడపిల్లలు, పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి నాలుగు. వెనక సీట్లోనే. ఏసీ నడుస్తూ ఉంటుంది, అద్దాలు నాలుగూ బిగించి ఉంటాయి. మూసుకోమన్నది నేనే. ఇక అద్దాలు మూసుకోవచ్చు మాస్టారూ, హాయిగా వెళ్ళిరండి అన్నాను, అంటూ నేనే వెనకద్దం పైకెత్తి చూపించాను. తొమ్మిదింటికి బయల్దేరతామన్నారు, ఏడు గంటల ప్రయాణం, ఆవిడ చెల్లెలి ఇంటికి. ఇప్పుడు పదీ ఇరవై. షాపు మధ్యలో బాల్చీ బోర్లించుకుని కూర్చున్నాను. ఎదురుగా డాక్టరు గారి నల్లకారు, బానెట్ మీద సగం వరకు కోటింగ్ పూసి ఉంది. ఆ మందు పూసిన రెండు నిమిషాల్లో తుడిచేయాలి, లేకపోతే గట్టిపడి చారలు పడతాయి, మళ్ళీ మిషన్ పెట్టి పొర మొత్తం లేపాలి, రెండు రోజుల పని. తుడిచే గుడ్డ నా ఒళ్ళోనే ఉంది. పూసి అరగంట దాటింది. పడితే పడనీ చారలు, నేను లేవను.

అరగంట కిందట అత్తగారు వచ్చింది. నాలుగు రోజులుగా షాపు గడప తొక్కని మనిషి, ఇవాళ ఏమీ జరగనట్టు వచ్చి, నా వైపు చూడకుండా, మూలనున్న గుడ్డల సంచులు సర్దడం మొదలుపెట్టింది. ఆవిడకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అయినా ఇంట్లో ఊరికే కూర్చోమంటే కాళ్ళు లాగుతాయి. మా దగ్గర ఒక బండికి వాడిన గుడ్డ ఇంకో బండికి తగలకూడదు, అది నేను పెట్టిన రూలు, అందుకే ఏ బండి గుడ్డలు ఆ సంచిలో వేసి మూతి కట్టేస్తాను, ఉతికాకే మళ్ళీ బయటికి. ఆవిడ ఒక సంచి ముడి విప్పింది. విప్పి ముఖం పక్కకు తిప్పుకుంది. మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. నేను మందు పూస్తూనే ఓరకంట చూస్తున్నాను. పలకరించాలని ఉంది, ముందు ఆవిడే పలకరించాలని కూడా ఉంది. ఆవిడే పలకరించింది.

"ఇవి ఏ బండివే?"

"లెక్కల మాస్టారివి. డిక్కీ తుడిచినవి. పాలు ఒలికాయట, చిన్నది వాంతి చేసుకుందట."

"పాలూ కాదు, వాంతీ కాదు. పొగ ఇది. సైలెన్సర్ పొగ. నీకు..." అని ఆగిపోయింది. నీకు తెలియలేదా అని అడగబోయి ఆగింది. నాకు తెలియదని ఈ ప్రపంచం మొత్తంలో తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

నాకు వాసన తెలియదు. మూడేళ్ళ కిందట వారం రోజులు జ్వరం వచ్చింది, జ్వరం పోతూ పోతూ వాసనను వెంట తీసుకుపోయింది. వచ్చేస్తుందిలే అనుకున్నాను. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళలేదు, ఊళ్ళో డాక్టర్లందరూ నా కస్టమర్లే, ఎవరికని చెప్పను. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడిపోతుంటే దాని పక్కనే నిలబడి తీరిగ్గా ఉల్లిపాయలు తరుగుతున్నాను. అత్తగారు వీధిలోంచి పరిగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. నా ముఖంలోకి చూసింది. సాయంత్రం పిడికిట్లో ఏదో గుడ్డ పెట్టుకొచ్చి, కళ్ళు మూసుకో, ఏం వాసనో చెప్పు అంది. సబ్బు అన్నాను. అది కిరసనాయిలు గుడ్డ. ఆవిడ అక్కడే నేల మీద చతికిలబడింది. ఎందుకంటే నా షాపు బతికేదే వాసన మీద. కార్లు కడిగేవాళ్ళు వీధికి నలుగురున్నారు, మెరిపించేవాళ్ళు ఇద్దరున్నారు, కుళ్ళిన చేప వాసన వచ్చే బండిని కొత్త బండి చేసి ఇచ్చేది మాత్రం నేనొక్కదాన్నే. బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించాను, వాసనకు గ్యారంటీ అని. మీ ఆయనకు కూడా చెప్పొద్దే అంది అత్తగారు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. తన కొడుకు గురించి తనే అలా అంది.

పదమూడు. మోగి మోగి ఆగిపోయింది. నేనేం అనుకోకూడదు. వేరే ఏదైనా అనుకోవాలి. పక్క షాపు మెకానిక్‌ని అత్తగారే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. నేను ఫోనులో ఉన్న ఫోటో అతనికి చూపించాను. ప్రతి బండికీ పనికి ముందు ఒక ఫోటో, పని అయ్యాక ఒక ఫోటో తీస్తాను, రెండూ పక్కపక్కన పెట్టి పేజీలో వేస్తాను, జనం అవి చూసే వస్తారు. మాస్టారి బండి డిక్కీలో స్టెప్నీ టైరు తీసేశాక అడుగున ఒక గుండ్రటి కన్నం, దాని చుట్టూ జానెడు మేర నల్లటి మసి, విసనకర్ర విప్పినట్టు. రెండో ఫోటోలో ఆ మసి లేదు, రేకు తెల్లగా తళతళలాడుతోంది. ఆ మసి వదలడానికి నాకు ముప్పావుగంట పట్టింది, మోకాళ్ళ మీద కూర్చుని, తల డిక్కీలో పెట్టి, చిన్న బ్రష్షుతో. ఎంత గర్వంగా తీశానో ఆ రెండో ఫోటో. మెకానిక్ మామూలుగా నన్ను చూడగానే ఏం మేకప్పక్కా అంటాడు, కార్లకు మేకప్పు వేస్తానని అతను పెట్టిన పేరు. ఇవాళ అనలేదు. ఫోటోను వేళ్ళతో పెద్దది చేసుకుని చూశాడు. అతను వేళాకోళం ఆడకపోవడమే నన్ను భయపెట్టింది.

"ఆ కన్నానికి రబ్బరు బిళ్ళ ఉండాలక్కా. ఎప్పుడో ఊడిపోయుంటది. కింద పైపు ఎక్కడో పగిలింది. పొగంతా లోపలికే కొడతాంది." ఫోను నా చేతికిచ్చి, "అద్దాలు దించుకునే తిరుగుతారు కదా వాళ్ళు?" అన్నాడు.

నేను మాస్టారి నంబరు నొక్కడం మొదలుపెట్టాను.

"పొగకు వాసన ఉంటే అదో అదృష్టం అక్కా. అందులో మనిషిని చంపేదానికి వాసన ఉండదు. నిద్రొచ్చినట్టు ఉంటదంతే."

ఆ తర్వాత అతను ఇంకేదో అనబోతుంటే అత్తగారు చెయ్యెత్తి ఆపింది. ఇప్పుడు అతను షట్టర్ దగ్గర నిలబడి తన ఫోనులో హైవే వాళ్ళకు చెబుతున్నాడు, తెల్ల బండి, నంబరు ఇదీ, అది నా ఫోటోలో ఉన్న నంబరు ప్లేటే, అవునండీ, గ్యాసు, లోపల పిల్లలున్నారు, కాదండీ యాక్సిడెంట్ కాదు, ఇంకా కాలేదు. ఇంకా కాలేదు అన్నాడు. ఆ మాట విని నేను పద్నాలుగోసారి నొక్కాను.

మొదట్లో అడిగేదాన్ని, మరక ఎలా పడిందని. అడిగేదాన్నే. ఇదంతా మా ఆయన స్కూలు వ్యానుతో మొదలైంది. ముప్పై మంది పిల్లలు, రోజుకొకరు వాంతి, వ్యాను ఓనరు ఈ కంపుతో పిల్లల్ని ఎక్కించను, నిన్నూ ఎక్కించను అన్నాడు. ఒక సెలవుల్లో వ్యానును ఇంటి ముందు పెట్టుకుని సీట్లన్నీ విప్పి, వంటసోడా, నిమ్మకాయలు, పాత టూత్‌బ్రష్షు, వేడినీళ్ళు, మూడు రోజులు తోమాను. మూడో రోజు ఓనరు వచ్చి ఎక్కి కూర్చుని దిగలేదు, ఇంకా రెండు వ్యాన్లున్నాయమ్మా అన్నాడు. అలా వ్యాన్ల నుంచి కార్లకు, ఇంటి ముందు నుంచి ఈ షెడ్డుకు. కొత్తలో ఎవరొచ్చినా మీ ఆయన లేడా అని అడిగేవాళ్ళు, ఉంటే మాత్రం ఏం చేస్తాడండీ, ఆయన కూడా నన్నే పిలుస్తాడు అనేదాన్ని. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు కానీ, తొక్కేవాళ్ళు తొక్కుతూ ఉంటేనే కదా కడిగేవాళ్ళకు పని. ఒక కారు సీటు కింద చెవికమ్మ దొరికింది. బండి తీసుకెళ్ళడానికి ఆ కారాయనా, ఆయన భార్యా వచ్చారు. నేను గొప్పగా ఆవిడ చేతిలో పెట్టి, మీ కమ్మ దొరికిందమ్మా అన్నాను. అది ఆవిడది కాదు. ఆ దంపతులు మళ్ళీ రాలేదు, వాళ్ళ వీధిలో వాళ్ళెవరూ కూడా రాలేదు. ఆ రోజు అత్తగారు అంది, మరకకో కథ ఉంటుంది, మనకెందుకే, తుడిచేసి ఊరుకో. మంచి మాటే. అప్పటి నుంచీ అలాగే చేశాను. ఏది కనిపించినా ఎక్కడ నుంచి వచ్చిందని అడగను, ఎలా వదులుతుందని మాత్రమే చూస్తాను. మసి కనిపిస్తే, మసికి ఏ మందు అనుకున్నాను. పొగ లేనిదే మసి ఉండదని చిన్నపిల్లకైనా తడుతుంది, నాకు తట్టలేదు.

ఇంకా ఘోరం ఏమిటంటే వాళ్ళు చెప్పారు. అంతా చెప్పారు, ఒక్క మాట దాచలేదు. వెనక కూర్చుంటే తల తిరుగుతోందంటారండీ పిల్లలు, అదేం వాసనో, చిన్నది గంటకోసారి వాంతి చేసుకుంటుంది, అద్దాలు దించితేనే తెరిపి పడుతుంది, దించితే దుమ్ము, ఏసీ లేకుండా ఏడు గంటలు ఎలా వెళ్ళమండీ. మాస్టారు చెబుతుంటే నేను తలాడిస్తూ కార్డు మీద రాసుకున్నాను, వాంతి వాసన, వెనక సీటు, డిక్కీ. వాంతి వల్ల వాసన అనుకున్నాను. వాసన వల్ల వాంతి అని అనుకోలేదు. ఆ పిల్ల ఇన్నాళ్ళూ తన చిన్న కడుపుతో అందరికీ చెబుతూనే ఉంది, ఆ చెప్పడాన్ని నేను షాంపూ పెట్టి కడిగేశాను.

పదిహేను. అత్తగారు వచ్చి నా పక్కన నిలబడింది. కూర్చోదు. చేతిలో కళ్ళజోడు, దాన్ని తుడుస్తోంది. ఆగండత్తయ్యా తుడవకండి, మీరు కళ్ళజోడు తుడిస్తే నాకు గుండె ఆగిపోతుంది, అది మా సంకేతం. బండి పని అయ్యాక ఆవిడ ఏదో పనున్నట్టు వచ్చి వెనక సీట్లో కూర్చుంటుంది, కస్టమర్లకు ముసలావిడ సరదా పడుతోందని అనిపిస్తుంది. దిగి కళ్ళజోడు పెట్టుకుంటే బండి బాగున్నట్టు. తీసి తుడిస్తే వాసన ఇంకా ఉన్నట్టు. అప్పుడు నేను బండిలో తల పెట్టి, గట్టిగా గాలి పీల్చి, కనుబొమలు ముడిచి, ఊహూఁ, ఇంకో రోజు ఉంచండి సార్, నాకు నచ్చలేదు అంటాను. ఎంత నిజాయితీ గల మనిషో అనుకుంటారు. మూడేళ్ళలో ఒక్కసారి తప్పలేదు ఆవిడ ముక్కు. సీటు దూదిలో రెండంగుళాల లోపల ఎండిపోయిన పెరుగును కూడా పట్టింది. పేరు మాత్రం నాది. పక్కింటి వాళ్ళ అమ్మాయి షాపు గురించి వీడియో తీస్తానంటే ఎగిరి గంతేసి, కెమెరా ముందు నిలబడి ముక్కు మీద వేలు పెట్టుకుని, ఇదేనండీ నా పెట్టుబడి అన్నాను. వెనక బాల్చీలు కడుగుతూ అత్తగారు కనిపిస్తుంది ఆ వీడియోలో, అర నిమిషం, ముఖం కూడా సరిగ్గా పడలేదు.

ఇంటికెళ్ళాక అంది. నా ముక్కు నీ ముఖానికి ఎప్పుడు అతికించుకున్నావే అంది. నవ్వుతూనే అంది మొదట. నేను నవ్వి, క్షమించండత్తయ్యా అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది. కానీ ఆ రోజు జనం వీడియో కింద నన్ను పొగుడుతున్నారు, నాకు కళ్ళు నెత్తికెక్కాయి. మీరు లేకపోతే షాపు మూతపడుతుందా ఏమిటి, అందరికీ ముక్కులు లేవా, పనంతా చేసేది నేను కాదా అన్నాను. ఆవిడ నా వైపు ఒక నిమిషం చూసి, నడుపుకో అంది. అంతే. ఒక్క మాట. అయినా నేను పరుగున వెళ్ళి కాళ్ళు పట్టుకోలేదు. నడిపి చూపిద్దామనుకున్నాను. ఆ నాలుగు రోజుల్లో మూడు బండ్లు ఇచ్చాను, మొదటి రెండూ మామూలు పాలిష్ బండ్లు, వాసనతో పని లేదు. మూడోది మాస్టారిది.

ఇంటికి ఫోను చేసి, అత్తయ్యా ఒక్కసారి రండి అంటే వచ్చేది. ఇల్లు ఎంత దూరం, నడిస్తే పది నిమిషాలు. చేశాను కూడా, నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను. ఆ ఒక్క మోగని ఫోను. మోగి ఉంటే ఇవాళ ఈ పదిహేను ఉండేవి కావు. నాకు ముక్కు లేకపోతేనేం, పద్ధతి ఉంది అనుకున్నాను, ఆవిరి పట్టాను, షాంపూ రెండుసార్లు, బొగ్గుసంచులు రాత్రంతా పెట్టాను, మిషన్ పెట్టి గాలి మార్చాను, ఇన్ని చేశాక ఏ వాసన బతుకుతుంది. పోయింది. నిజంగానే పోయింది, కార్పెట్‌లో ఉన్నదంతా పోయింది, అందుకే మాస్టారు కూడా తల పెట్టి చూసి ఆశ్చర్యపోయాడు. మీరు చూడండి అన్నాడాయన, మీ ముక్కు గురించి విన్నాం. నేను వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుని గుండె నిండా గాలి పీల్చాను. ఏమీ లేదు. నాకు ఎప్పుడూ ఏమీ ఉండదు. ఏమీ లేదు మాస్టారూ, పువ్వులా ఉంది అన్నాను. పైగా రెండు సెంటు డబ్బాలు, మంచివి, ఖరీదైనవి, పిల్లలు కూర్చునే వైపు చెరొకటి నా చేత్తో అంటించాను, ఇవి నా బహుమతి అని. చిన్నది డబ్బా మూతి దగ్గర ముఖం పెట్టి నవ్వింది. ఇప్పుడు కింది నుంచి కొత్త పొగ వస్తున్నా సరే, ఆ సెంటు దాటి ఎవరికి తెలుస్తుంది. ఇన్నాళ్ళూ వాళ్ళను కాపాడింది ఆ వాసనే. అది ఉండబట్టి అద్దాలు దించేవాళ్ళు. నేను దాన్ని తీసేసి, అద్దాలు మూసి, పంపించాను.

పదహారు. బయట మెకానిక్, ఏ వంతెన దగ్గర ఆపుతారండీ అంటున్నాడు. ఎవరో అవతల రాసుకుంటున్నట్టున్నారు. గంటన్నరలో ఎంత దూరం వెళ్తారు, అరవై కిలోమీటర్లు, ఎనభై, స్కూటరు మీద వెళ్ళి పట్టుకునే దూరం కాదు. మాస్టారు నెమ్మదిగా నడుపుతాడు, నెమ్మదిగా నడపడం మంచిదా చెడ్డదా, నెమ్మదిగా వెళ్తే గుద్దుకున్నా తక్కువ దెబ్బ, కానీ ఎక్కువసేపు లోపల ఉంటారు. నిద్రొచ్చినట్టు ఉంటదంతే. స్టీరింగ్ మీద ఉన్న మనిషికి కూడా నిద్రొచ్చినట్టు ఉంటుందా. బానెట్ మీద చారలు తేలాయి, ఇక్కడ కూర్చున్నా కనిపిస్తున్నాయి. డాక్టరు గారు మధ్యాహ్నం వస్తారు. ఈ షాపు ఉంటుందా మధ్యాహ్నానికి. ఉంటే ఎంత, పోతే ఎంత, ఛీ, ఇంకా షాపు గురించే. నలుగురు మనుషులు. ఒక నాలుగేళ్ళ పిల్ల. అత్తయ్యా, మీరు కళ్ళజోడు పెట్టుకోండి, మీకు దండం పెడతాను.

పదిహేడోసారి నొక్కాను. మూడుసార్లు మోగింది. నాలుగోసారి మోగలేదు, బదులుగా బండి చప్పుడు, రోడ్డు చప్పుడు, తర్వాత గుసగుసలాడుతున్నట్టు ఆడగొంతు.

"హలో."

"అమ్మా, నేను, కార్ల షాపు నుంచి."

"ఆఁ... ఇప్పుడే చూశాను. ఇన్నిసార్లు చేశారేంటండీ. పిల్లలు లేస్తారని సౌండ్ తీసేశాం." మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంది.

"బండి ఆపండమ్మా. ముందు అద్దాలు దించండి."

"అయ్యో, ఎందుకండీ. మీ పుణ్యమా అని ఇవాళే ఒళ్ళు తెలియకుండా పడుకున్నారు. చిన్నది ఒక్కసారి కూడా వాంతి అనలేదు. కదల్లేదు."

"లేపండి. పొగ వస్తోందమ్మా బండిలోకి. కింద నుంచి పొగ వస్తోంది."

"పొగా? ఏం వాసన లేదే... మీ సెంటు వాసనే. నిన్న మీరే చూసి చెప్పారు కదా." ఆవులించింది. "నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి, పొద్దున్నే లేచాం, తల బరువుగా... ముందు ఊళ్ళో టీకి ఆగుతాం కదా, అప్పుడు ఈయన్ని చూడమంటాను. ఇంకో అరగంట. మీరేం కంగారు పడకండి. మీకు తెలియని వాసన ఉంటుందా."

మా అత్తగారు పట్టింది అని చెప్పొచ్చు. మెకానిక్ చెప్పాడు అని చెప్పొచ్చు. అదంతా చెబితే వింటుంది, ఊఁ కొడుతుంది, అరగంటలో చూస్తామంటుంది, ఎందుకంటే నిన్న బండిలో కూర్చుని ఏమీ లేదన్న మనిషిని నమ్ముతోంది. ఆ నమ్మకాన్ని పగలగొడితే తప్ప ఆ బండి ఆగదు. షట్టర్ దగ్గర మెకానిక్ నా వైపే చూస్తున్నాడు. అత్తగారు నా భుజం మీద చెయ్యి వేసింది.

"నాకు వాసన తెలియదమ్మా," అన్నాను. "మూడేళ్ళ నుంచి నాకు ముక్కు పనిచేయదు. నిన్న నేను వాసన చూడలేదు. చూసినట్టు నటించాను. అబద్ధం చెప్పాను మీకు. ఆపండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, బండి ఆపండి."

ఏమీ లేదు. రోడ్డు చప్పుడు. తర్వాత ఆ గొంతు, ఫోనుకు కాదు, పక్కకు, "ఏమండీ." మళ్ళీ, "ఏమండీ, ఆపండి. ఆపండీ!" ఏదో హారను, పొడుగ్గా, వాళ్ళదో ఇంకొకరిదో. టక్ టక్ టక్ అని సిగ్నల్ లైటు చప్పుడు. కంకర మీద చక్రాలు. తలుపు తెరుచుకోవడం, ఇంకో తలుపు, గాలి. ఫోను ఎక్కడో పడింది, సీటు మీద అయి ఉంటుంది, కట్ కాలేదు. పెద్దదాని ఏడుపు వినిపించింది, తలనొప్పి అమ్మా, తలనొప్పి, తర్వాత కక్కుతున్న చప్పుడు. కక్కనీ. కక్కమ్మా, బాగా కక్కు. చిన్నదాని గొంతు రాలేదు. చిన్నీ అంటోంది వాళ్ళమ్మ. చిన్నీ, లే అమ్మా. చిన్నీ. మాస్టారు ఏదో అరిచాడు, నీళ్ళు నీళ్ళు అని. ఇటు మెకానిక్ తన ఫోనులో ఆంబులెన్స్, ఆంబులెన్స్ పంపండి ముందు అంటున్నాడు. చిన్నీ, చూడు ఇటు, చిన్నీ. ప్రతిసారీ ఆ పేరు ఇంకో రకంగా పలుకుతోంది. నేను ఫోనును చెవికి అదుముకుని లేచి నిలబడ్డాను, ఎప్పుడు లేచానో తెలియదు.

"కళ్ళు తెరిచింది," అన్నాడు మాస్టారు.

అత్తగారి వేళ్ళు నా భుజంలోకి దిగబడ్డాయి. నేను గాలి పీల్చుకోబోయి ఆగాను, ఎందుకంటే అవతల వాళ్ళమ్మ గొంతు ఒక్కసారిగా నెమ్మదైపోయింది, బతిమాలుతున్నట్టుగా అయిపోయింది.

"చిన్నీ, ఇటు చూడు తల్లీ. నేనెవర్ని? చెప్పు. నేనెవర్నే?"

చిన్నది ఏదో ఒకటి అనాలి. నేనూ అత్తగారూ మెకానిక్, మేం ముగ్గురం కదలకుండా నిలబడి ఆ జవాబు కోసం వింటున్నాం.